క్యాసెట్‌లో మిగిలిన చోటు

ఒతారు,
జనవరి 20, 2013

మినోబె గారికి,

సవాకో నమస్కరించి రాస్తున్నది. కొత్త సంవత్సరం కార్డు పంపి నెల కూడా కాలేదు, ఇంతలో ఈ లావుపాటి కవరేమిటా అనుకుంటారు. పద్దెనిమిదేళ్లుగా మనం ఆ కార్డులు తప్ప ఇంకేమీ రాసుకోలేదు. ఇప్పుడూ రాయకుండా ఉండగలిగితే బాగుండేది. నాకు చాలా భయంగా ఉంది. ఆ భయం చెప్పుకోవడానికి మీరు తప్ప ఇంకెవరూ లేరు.

నగోయాలో ఇబుకి అనే యువకుడు ఉన్నాడు. ఉద్యోగం తపాలా ఆఫీసులో, ప్రాణమంతా పాత వీడియో గేమ్‌ల మీద. మన కాలంలో వచ్చి, ఎవరూ కొనక, ఎవరూ ఆడక మూలపడ్డ గేమ్‌లను వెతికి పట్టుకుని, వారానికొక దాని గురించి ఇంటర్నెట్‌లో రాస్తున్నాడు. బాగా రాస్తాడు. మనసు పెట్టి ఆడతాడు. కానీ ఆడి ఊరుకోడు. క్యాసెట్ విప్పి, లోపలి చిప్‌లో ఉన్నదంతా బయటికి తీసి చదువుతాడు. గేమ్‌కు అక్కరలేని ఖాళీ చోట్లో మనలాంటి వాళ్లు రాసిపెట్టిన రాతలన్నీ అందరికీ చూపిస్తున్నాడు. పోయిన వారం ఒక చేపల వేట గేమ్‌లో ఎవరో తమ మేనేజరును తిట్టిన తిట్లు మూడు పేజీలు దొరికాయట. జనం పడీ పడీ నవ్వుతున్నారు.

మన ఆఫీసు అలవాటు మీరు మరిచిపోయి ఉండరు. చిప్‌లు కొన్ని సైజుల్లోనే దొరికేవి. గేమ్ చిన్నదైనా పెద్ద చిప్ కొనాల్సిందే, మిగిలిన చోటు దేనితోనో నింపాల్సిందే. చివరగా పని ముగించినవాళ్లదే ఆ చోటు. ఉత్త సున్నాలతో నింపడం ఎందుకని నూడుల్స్ కొట్టు ఫోన్ నంబరు, ఎవరిమీదో ప్రేమ, జీతం మీద ఏడుపు, ఏదో ఒకటి రాసేవాళ్లం. ఎవరు చూడొస్తారులే అని ధైర్యం.

మన 'పొగమంచు రేవు' చివరి చిప్ నింపింది నేనే. హతనో గారి అంత్యక్రియలు అయిన ఆరో రోజున. ఆ ఉదయం ఏం జరిగిందో అందులో రాసేశాను.

ఇబుకి ఇప్పుడు 1993లో వచ్చిన గేమ్‌ల దగ్గర ఉన్నాడు. మనది 1995 మార్చి. ఈ లెక్కన ఏడాది తిరక్కుండా మన దగ్గరికి వచ్చేస్తాడు.

ఫోన్‌లో మాట్లాడే ధైర్యం లేదు. చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి.

సవాకో

*

కురాషికి,
ఫిబ్రవరి 3

సవాకోకు,

వాతావరణం గురించీ ఆరోగ్యం గురించీ మర్యాదగా నాలుగు వాక్యాలు రాసి అసలు సంగతికి రావాలి. నా చెయ్యి అందుకు ఒప్పుకోవడం లేదు. నువ్వు చేసిన పని ఏమిటో నీకు అర్థమవుతోందా?

ముగ్గురం కలిసి నాలుగేళ్లు పనిచేశాం. పొగలో దారి తప్పిన పడవలను బూర ఊది రేవుకు చేర్చే గేమ్. తెరమీద తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు, చెవులతో ఆడాలి. ఆ ఆలోచన, రేవుల మ్యాపులు హతనో గారివి, బూరల మోతలు నావి, మిగతా ప్రోగ్రామంతా నీది. నాలుగు వేలమంది కొన్నారు, అందులో సగంమంది టీవీ చెడిపోయిందని తిరిగి ఇచ్చేశారు. ఇన్నేళ్లూ దాన్ని అందరూ మరిచిపోయారని లోపల్లోపల ఏడ్చాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది, మరిచిపోవడమే మనకు అండగా నిలిచిందని.

హతనో గారి భార్య ఫుమియె గారితో ఆనాడు మనం ఏం చెప్పామో గుర్తుందా? శవపేటిక పక్కన ఇద్దరం తలలు వంచుకుని కూర్చుని, "ఆయన ఏ బాధా చెప్పలేదండీ. కాసేపు పడుకుంటానని నవ్వుతూ పడుకున్నారు. మేం చిప్‌లు ఇచ్చి వచ్చేసరికి అలాగే ఉన్నారు" అన్నాం. నేనన్నాను, నువ్వు తలూపావు. ఫుమియె గారు మన చేతులు పట్టుకుని, "చివరిదాకా మీరు ఆయన పక్కనున్నారు, అదే నాకు పదివేలు" అంది. అప్పటినుంచి ఏటా డిసెంబరులో ఆవిడ ఊరు అరిదా నుంచి నాకు కమలాపండ్ల పెట్టె వస్తుంది. నీకూ వస్తుందని తెలుసు. మా ఆవిడ ఒలిచి ప్లేటులో పెడుతుంది. తినకపోతే ఎందుకని అడుగుతుందని తింటాను.

ఆవిడ అదంతా చదివితే ఏమవుతుంది? మొగుడు గుండె నొప్పి అని చెప్పుకున్నాడనీ, చెప్పినా మనం ఆగమన్నామనీ తెలిస్తే?

ఒక్క ప్రశ్న. అందులో నా పేరు ఉందా?

మినోబె

*

ఒతారు,
మార్చి 2

మినోబె గారికి,

ఉంది.

నెలరోజులు జవాబు రాయలేకపోయింది అందుకే. దాచి లాభం లేదు కాబట్టి, అప్పుడు అచ్చు తీసి దాచుకున్న కాగితాలు చూసి ఆ ముక్క ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు.

"ఉదయం పది గంటలకు హతనో గారు రొమ్ముమీద బండ పెట్టినట్టుందని అన్నారు. ఎడమ చెయ్యి బరువెక్కిందన్నారు. చెమటలు పోస్తున్నాయి. మినోబె గారు, 'ఇంకో గంట ఓర్చుకోండి సార్, చిప్‌లు ఇచ్చేశాక ముగ్గురం కలిసి ఆస్పత్రికి పోదాం' అన్నారు. పన్నెండింటికి మేమిద్దరం చెరో చిప్ పట్టుకుని వేర్వేరు రైళ్లు ఎక్కాం. తిరిగొచ్చేసరికి ఆయన బల్ల కింద నిద్రసంచిలో చనిపోయి ఉన్నారు. భార్యకు మేం అబద్ధం చెప్పాం."

ఒక రైలు ఆగిపోయినా ఇంకొకటి చేరుతుందని, గేమ్‌ను పరీక్షించే కంపెనీకి ఒకేలాంటి చిప్‌లు రెండు పంపడం మన పద్ధతి. ఆ పద్ధతివల్లే ఆయన దగ్గర ఒక్కరం కూడా మిగల్లేదు. అంతా చేసి, ఒక తెర మీద ఏదో వరుస తప్పిందని పరీక్ష చేసేవాళ్లు తిప్పి పంపారు. మళ్లీ చిప్ తయారుచేయడానికి కూర్చున్న రోజున ఆఫీసులో నేనొక్కదాన్నే. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కిపోతుందనిపించింది. ఎవరూ చదవని చోటు అదొక్కటే కనిపించింది.

ఇంకా కొన్ని వాక్యాలున్నాయి. అవి మీ గురించి కాదు.

నేను ఓడల టిక్కెట్ల కౌంటరులో కూర్చుంటాను. ఎవరైనా అద్దం దగ్గరికి వచ్చి "ఓనుకి సవాకో గారంటే మీరేనా" అంటే, వెనక తలుపు ఎటుందా అని చూస్తున్నాను. నిన్న ఒకావిడ అలాగే అడిగింది. పోయిన వారం టిక్కెట్టు చిల్లర తక్కువిచ్చానట. బతికిపోయాననుకున్నాను.

ఏం చేద్దామో చెప్పండి.

సవాకో

*

కురాషికి,
మే 11

సవాకోకు,

చెప్పను, చేశాను.

క్యాసెట్ దొరికితేనే కదా ఆ కుర్రాడు విప్పేది. దొరక్కుండా చేస్తే సరి. మార్చి నెలాఖరు నుంచి నేను చేస్తున్న పని అదే. ఆదివారం వస్తే రైలెక్కడం, ఊరూరా పాత గేమ్‌ల దుకాణాలు తిరగడం. ఒకయామా అయిపోయింది, హిరోషిమా అయిపోయింది, ఫుకువోకాకు రెండుసార్లు వెళ్లొచ్చాను. మన గేమ్ ఎక్కడ ఉంటుందనుకున్నావు? గుమ్మం బయట, ఎండకు రంగు వెలిసిన పెట్టెలో, ఏది తీసుకున్నా మూడు వందల యెన్‌లు అని రాసినచోట. ఒక దుకాణంలో తలుపు మూసుకుపోకుండా దాన్ని కింద అడ్డు పెట్టారు. అది మన గేమేనని చూసి ఒక్క నిమిషం బాధేసింది, తర్వాత దాన్ని కూడా కొన్నాను.

ఇప్పటికి నూట ముప్పైయెనిమిది. పిల్లలకు ఎలక్ట్రిక్ ఆర్గాన్ నేర్పే గదిలో బీరువా నిండిపోయింది. మా ఆవిడ, "ముసలితనంలో నీకు ఈ బొమ్మల పిచ్చేంటయ్యా" అని రోజూ అడుగుతోంది. పాత రోజులు గుర్తొస్తున్నాయని చెప్పాను. "అంత గుర్తొస్తే ఒక్కటి చాలదా" అంది. బీరువా తలుపు మూసేశాను.

దుకాణదారులతో మాటలు కలపకూడదని ముందే అనుకున్నాను. అయినా ఫుకువోకాలోని హకాతలో ఒకతను, "మీరు మళ్లీ దీనికోసమే వచ్చారా? ఇంత మంచి గేమా ఇది?" అని అడిగాడు. మంచిదే అన్నాను. ఆ ఒక్కమాట ఆపుకోలేకపోయాను.

భయపడకు. ఇంకో రెండు నెలలు ఓపిక పడితే దేశంలో ఒక్కటి కూడా మిగలదు.

మినోబె

*

ఒతారు,
జులై 7

మినోబె గారికి,

దయచేసి ఆపేయండి. ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి ఒక్కటి కూడా కొనకండి.

నిన్న ఇబుకి రాసింది చూశాను. 'పొగమంచు రేవును ఎవరు కొనేస్తున్నారు?' అని పెద్దక్షరాలతో పెట్టాడు. పశ్చిమాన దుకాణాలన్నిట్లో ఒకే గేమ్ ఒక్కసారిగా మాయమైందని దుకాణదారులు ఒకరికొకరు చెప్పుకున్నారట. బయట పెట్టెలోంచి తీసి అద్దాల బీరువాలో పెట్టారు. ఇప్పుడు ముప్పై వేల యెన్‌లట. దాన్ని ఎన్నడూ చూడనివాళ్లు కూడా అటకలెక్కి వెతుకుతున్నారు. హకాత దుకాణదారుడు, "నెరిసిన జుట్టాయన, చాలా మర్యాదస్తుడు, ఇది మంచి గేమని చెప్పాడు" అన్నాడట. మంచి గేమేనని అందరూ ఒప్పుకుంటున్నారు. కళ్లు మూసుకుని ఆడాలని ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. పద్దెనిమిదేళ్లు మనం కోరుకున్నది ఇదే కదండీ.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మీరు చేసిందే నేనూ చేసేదాన్ని, చేతిలో అంత డబ్బు లేదు కాబట్టి చేయలేదు.

1994 గేమ్‌లు పూర్తయ్యేదాకా ఆగకుండా మన గేమునే ముందు తీసుకుంటానని ఇబుకి ప్రకటించాడు. అతనికి ఒక క్యాసెట్ దొరికింది. అక్టోబరు మొదటివారంలో విప్పి చూపిస్తాడట. ఇంకొకటి, ఇది రాయడానికే చెయ్యి రావడం లేదు. గేమ్ చివర వచ్చే పేర్లలో హతనో గారి పేరు చూసి, ఆయన ఊరు కనుక్కుని, ఫుమియె గారికి ఉత్తరం రాశాడట. ఆవిడ ఆయన ఫొటో పంపిందట. అంటే అక్టోబరులో ఆవిడ తప్పకుండా చదువుతుంది. పొరుగువాళ్లను పిలిచి మరీ చదువుతుంది.

ఆవిడకు ఇంకెవరి దగ్గరో తెలియడం కంటే మన నోట వినడం మేలు. నాకు వెళ్లే ధైర్యం లేదు. సిగ్గు లేకుండా అడుగుతున్నాను, మీరు వెళ్తారా?

సవాకో

*

కురాషికి,
ఆగస్టు 19

సవాకోకు,

వెళ్లొచ్చాను.

కొండమీద ఇల్లు, చుట్టూ కమలా తోటలు. బస్సు దిగాక మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి తిరిగాను. రెండోసారి తిరిగినప్పుడు ఆవిడ పైనుంచి చూసేసింది. "మినోబె గారేనా? అలా దిగిపోతున్నారేం?" అంది. ఇక తప్పలేదు.

లోపల హతనో గారి ఫొటోకు అగరొత్తి వెలిగించి, అక్కడే చాప మీద నుదురు ఆనించి అంతా చెప్పేశాను. ఆయన పదింటికే నొప్పి అని చెప్పారనీ, నేను గంట ఆగమన్నాననీ, ఆవిడ దగ్గర అబద్ధం ఆడామనీ. తలెత్తకుండా చెప్పాను. చెప్పడం అయ్యాక కూడా ఎత్తలేదు. తిడుతుందని, టీ గ్లాసు విసురుతుందని, ఏదో ఒకటి చేస్తుందని ఎదురుచూశాను.

ఆవిడ గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ఆ క్యాసెట్లో ఫోను సంగతి కూడా ఉందా?"

నాకు అర్థం కాలేదు. "ఏ ఫోనండీ?" అన్నాను.

"ఆ రోజు పొద్దున ఆయన నాకు ఫోన్ చేశాడు. ఒంట్లో బాగోలేదు, వచ్చేస్తానన్నాడు. నేనేమన్నానో తెలుసా? ఇన్నాళ్లు కష్టపడి చివర్రోజు వచ్చేస్తే నలుగురూ ఏమనుకుంటారు, పని ఒప్పజెప్పి రండి అన్నాను. సరేలే అని పెట్టేశాడు. నా మాట విని ఉండిపోయాడు, పోయాడు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసనుకున్నాను. మీరిద్దరూ పేటిక పక్కన కూర్చుని ఏమీ ఎరగనట్టు మాట్లాడుతుంటే, నా పరువు కాపాడుతున్నారనుకున్నాను. ఏటా డిసెంబరు వస్తే, ఇంకా ఎవరితోనూ చెప్పలేదు కదా అని భయమేసేది. పండ్లు పంపేదాన్ని."

సవాకో, నేను ఆవిడకు భయపడుతుంటే ఆవిడ నాకు భయపడుతూ ఉంది.

వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి మళ్లీ అడిగింది, "ఆ అమ్మాయిని అడిగి చెప్పండి. నేనన్న మాట అందులో ఉందా? మా అత్తగారు ఇంకా బతికే ఉంది. తొంభై ఒకటి. కొడుకు గేమ్ గురించి రాస్తున్నారని కళ్లద్దాలు కూడా మార్పించుకుంది."

ఇంకా కొన్ని వాక్యాలున్నాయని నువ్వు మార్చిలో రాశావు. అవేమిటో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మినోబె

*

ఒతారు,
సెప్టెంబరు 23

మినోబె గారికి,

మీకు జవాబు రాయకుండా నేరుగా అరిదా వెళ్లాను. నిన్ననే తిరిగొచ్చాను. అందుకే ఇంత ఆలస్యం.

ఫోను సంగతి అందులో ఉంది. "ఇంటికి ఫోన్ చేశారు. అటునుంచి కూడా పని ముగించుకుని రమ్మన్నట్టున్నారు" అని రాశాను. పక్క బల్ల దగ్గర ఉన్నాను కాబట్టి ఆయన మాటలు వినబడ్డాయి. ఎవరికి తగులుతుందో ఆలోచించే వయసు కాదు నాది. పైగా, ఇప్పుడు నిజం చెప్పాలి కదా, తప్పును ఎంతమందికి పంచితే నా వాటాకు అంత తక్కువ వస్తుందనే ఆశ ఉంది.

ఆ రోజు నేను చిప్‌లో రాసింది ఒప్పుకోలని నేను ఇన్నేళ్లూ నమ్మాను. మొన్న రైల్లో మళ్లీ చదువుకున్నాను. ఎవరూ చదవని చోట కూడా నేను అబద్ధమే ఆడాను.

ఫుమియె గారి ఎదుట కూర్చుని కాగితాలన్నీ పైకి చదివాను. ఆవిడ అత్తగారిని పక్కింటికి పంపింది. ఫోను వాక్యం దగ్గర ఆగాను. "చదవండి" అంది. చదివాను. ఆవిడ ఏడవలేదు. ఒక్కమాట అడిగింది.

"ఫోన్ పెట్టేశాక ఆయన ఏం చేశాడమ్మా?"

పద్దెనిమిదేళ్లుగా ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. మీరూ అడగలేదు, అప్పుడు మీరు శబ్దాల గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నారు. చూసింది నేనొక్కదాన్నే. లేదండీ, ఏమీ చేయలేదు, పని చేసుకున్నారు అనేస్తే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"కోటు వేసుకున్నారు" అన్నాను.

ఫోన్ పెట్టి ఒక్క క్షణం దానిమీద చెయ్యి ఉంచి నిలబడ్డారు. తర్వాత, "వీళ్ల మాటకేంగానీ, నేను పోతున్నా సవాకో" అని కోటు అందుకున్నారు. ఎడమ చెయ్యి పైకి లేవలేదు. నేనే తొడిగాను. తొడుగుతున్నప్పుడు ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో నాకు తెలిసింది. అంతా తెలిసే అన్నాను, "మూడో రేవు మ్యాపు తెర ఇంకా ఆగిపోతోంది సార్, ఒక్కసారి చూసి వెళ్లండి" అని. అది ఆగిపోతున్నది నావల్ల. ముందురోజు నేను ఏదో మార్చి చెడగొట్టాను, ఎవరికీ చెప్పలేదు. ఆయన వెళ్లిపోతే అది నామీదికి వస్తుందని భయపడ్డాను. అంతే, ఇంకే కారణమూ లేదు. ఆయన నా మొహం చూసి, నువ్వేదో చేశావు కదూ అన్నట్టు నవ్వి, "సరే తియ్" అన్నారు. ఆ కోటు నేనే విప్పాను. ఇరవై నిమిషాల్లో సరిచేశారు. ఆ తర్వాత లేవలేకపోయారు.

ఇదంతా చెప్పాను. ఫుమియె గారు తనలో తను అనుకున్నట్టు, "వచ్చేద్దామనే కోటు వేసుకున్నాడన్నమాట. నా మాట వినలేదన్నమాట" అంది. రెండోసారి అన్నప్పుడు మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. అలా ఎవరైనా ఏడవడం నేను ఇంతవరకు చూడలేదు, దుఃఖమో ఊరటో చెప్పలేను. కళ్లు తుడుచుకున్నాక నావైపు చూడకుండా, "మీరిక వెళ్లండి" అంది. నన్ను క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు.

మినోబె గారూ, మీరు గంట ఆగమన్నారు, నిజమే. కానీ ఆయన మీ మాటా వినలేదు. మీకు ఇది చెప్పకుండా, మీరు ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాను. మీకు క్షమాపణ చెప్పడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మెట్లు దిగి బస్టాండు నుంచే ఇబుకికి ఫోన్ చేశాను. చిప్‌లో ఉన్నదంతా ఉన్నట్టే వేయమన్నాను, ఆయన మీ ఇద్దరి మాటా వినలేదని చదివినవాళ్లకు తెలిసేలా, దాని కింద ఈ కోటు సంగతి నా పేరుతో కలపమన్నాను. అతను, "ఆలోచించుకునే చెబుతున్నారా అండీ?" అని అడిగాడు. అవునన్నాను. అక్టోబరు నాలుగు, శుక్రవారం.

భయం పోలేదు. టిక్కెట్ల కౌంటరు అద్దం మీద ఎవరి నీడ పడినా ఇప్పటికీ ఉలిక్కిపడుతున్నాను. కానీ ఇకనుంచి భయపడవలసింది నేనొక్కదాన్నే.

సవాకో